మొగిలి కనుమ కింద చీకటి పడితే

కనుమ దారి కథలు – ఆరో భాగం

పోయిన భాగాన్ని 1791 ఫిబ్రవరి దగ్గర ఆపాం. వేలూరులో దండు దించిన ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్, ఆంబూరు వైపు కదులుతున్నట్టు టిప్పు సుల్తాన్‌ను నమ్మించాడు. ఉన్నట్టుండి ఉత్తరానికి తిరిగి, చిత్తూరు మీదుగా వచ్చి మొగిలి కనుమ ఎక్కేశాడు. ఫిరంగులు, ఏనుగులు, వేలకొద్దీ ఎడ్లు రోజుల తరబడి ఆ సందులోంచి పైకి పోయాయి. మార్చి 21 రాత్రి బెంగళూరు కోట కంపెనీ వశమైంది. యుద్ధ చరిత్ర రాసినవాళ్లకు మొగిలి కనుమతో పని అక్కడితో తీరిపోయింది. ఆ తర్వాత వాళ్ల పుస్తకాల్లో ఆ పేరు ఎక్కడో ఒకచోట తప్ప కనిపించదు.

దారి మాత్రం ఎక్కడికీ పోలేదు. దండు దుమ్ము అణిగాక ఆ దారినే ఉప్పు బండ్లు ఎక్కాయి, వక్క మూటలు దిగాయి, తిరుమల కొండకు మొక్కుకున్న మైసూరు వాళ్లు గోవిందనామం చెప్పుకుంటూ నడిచారు. వాళ్లలో కొందరు అనుకున్న వేళకు కనుమ దాటలేకపోయారు. బండి విరిగింది, జ్వరం తగిలింది, వంక పొంగింది, పొద్దు గూకింది. అలా ఆగాలనుకోకుండా ఆగిపోయిన మనుషులకు కనుమ కిందనున్న చిన్న ఊళ్లు ఏం చేశాయి, ఎందుకు చేశాయి, ఆ పనికి ఎవరెవరు అడ్డం వచ్చారు అన్నదే ఈ భాగం. 1791 నుంచి సుమారు ఎనభై ఏళ్ల కథ.

ముందు నేల సంగతి చూడాలి. చిత్తూరు సముద్రమట్టానికి వెయ్యి అడుగుల చిల్లర ఎత్తులో ఉంది. పలమనేరు రెండువేల రెండువందల అడుగులు దాటుతుంది. నీలగిరులకు దారి పడకముందు మద్రాసు దొరలు వేసవి తప్పించుకోవడానికి పలమనేరుకే వచ్చేవాళ్లు. ఈ రెండు ఊళ్ల మధ్య దూరం ఇప్పటి లెక్కలో దాదాపు 40 కిలోమీటర్లు. అందులో సగం దూరాన బంగారుపాళ్యం. అది దాటాక మొగిలి, మొగిలీశ్వరుడి గుడి, ఆపైన కనుమ.

బరువు బండి కట్టిన ఎడ్లు రోజుకు పన్నెండు, పద్నాలుగు మైళ్లకు మించి నడవవు. చిత్తూరులో కోడి కూయగానే కట్టిన బండి బంగారుపాళ్యం పొలిమేర చేరేసరికి పొద్దు వాలుతుంది. అలిసిన ఎడ్లతో, చీకట్లో, వెయ్యి అడుగులకు పైగా ఎక్కుడు ఎక్కడం ఎవరి తరమూ కాదు. ఆ రోజుల్లో కనుమ అడవిలో పులీ ఉంది, చిరుతా ఉంది, వాటికంటే భయపడవలసిన మనుషులూ ఉన్నారు. కాబట్టి పైకి పోయేవాడు ఎవడైనా రాత్రికి కనుమ కిందే ఆగాలి. కిందికి దిగేవాడికీ అదే లెక్క. వానాకాలం ఇంకో చిక్కు తెచ్చేది. చిత్తూరును ఒరుసుకుంటూ పారే నీవా నది పొంగితే దిగేవాడు ముందుకు పోలేడు. కనుమ వంకలు పారుతుంటే వెనక్కి మళ్లలేడు. మధ్యలో చిక్కినవాడికి దిక్కు ఆ నడుమ ఊళ్లే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, ఆ ఆగిపోవడం ఎలా ఉండేదో దగ్గరగా చూడాలి.

ఉప్పు మూటలతో పైకి పోతున్న బండి ఇరుసు పుటుక్కున విరిగిందనుకోండి. మూటలన్నీ దించాలి. ఉప్పు తడిస్తే కరిగిపోతుంది కాబట్టి ఏదో ఒక కప్పు కింద పెట్టాలి. ఆ కప్పు ఎవరో ఒక రైతు పశువుల కొట్టం. వడ్రంగి ఇంట్లో ఆరిన తుమ్మకర్ర సిద్ధంగా ఉంటే ఒక పూటలో ఇరుసు చెక్కుతాడు. లేకపోతే చెట్టు కొట్టి, చెక్కి, తొలిచి, రెండు రోజులు. చక్రానికి ఇనుప పట్టా ఊడితే కమ్మరి పని. పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చి, నలుగురు పట్టకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి, గబగబా నీళ్లు పోస్తారు. సుయ్యిమని ఆవిరి లేస్తుంది, ఇనుము బిగుసుకుంటుంది. ఆఖరుకు ఆముదంతో కలిపిన కందెన పూయాలి. ఈ పనంతా అయ్యేదాకా బండివాడు, వాడి కొడుకు, జత ఎడ్లు ఊరి మీద పడ్డట్టే. ఎడ్లకు చొప్ప కావాలి, తొట్టిలో నీళ్లు కావాలి. మనుషులకు రెండు పూటలా సంగటి కావాలి. చేతిలో ఉప్పు తప్ప రొక్కం లేనివాడు ఉప్పే కొలిచి ఇస్తాడు. అదీ ఇవ్వలేనివాడు మళ్లీ దిగేటప్పుడు ఇస్తానంటాడు. ఆ మాట నమ్మడం మీదే ఆ దారి నడిచింది.

ఇదంతా ఊరివాళ్ల మంచితనమే అని చెప్పి సరిపెట్టుకోవచ్చు. నాకు మాత్రం ఆ మంచితనానికి కింద ఒక ఏర్పాటు కనిపిస్తుంది. దారినపోయేవాడి బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు ఆనాటి సీమకు ఒక జవాబు ఉండేది.

మొదటి జవాబుదారి పాళెగాడు. బంగారి పాళెం, అంటే ఈ బంగారుపాళ్యమే, చిత్తూరు సీమ పాళేల్లో ఒకటి. కల్లూరు, పులిచెర్ల, నరగంటి, పాకాల, మొగరాల వంటివి దాని ఇరుగుపొరుగు పాళేలు. చుట్టూ అడవి, నడుమ కోట, చేతికింద కట్టుబడి బంట్లు. విజయనగరం కాలం తర్వాత పైన రాజులు మారారు, నవాబులు మారారు. కింద పాళెగాళ్లు కావలి హక్కును మాత్రం వదల్లేదు. ఊళ్లకూ దారులకూ కాపలా కాసినందుకు రైతు దగ్గర గింజలు, బండి దగ్గర సుంకం తీసుకునే హక్కు అది. తన ఎల్లలో దారినపోయేవాడి సొమ్ము పోతే వెతికి తెచ్చి ఇవ్వాలి, దొరక్కపోతే ఆ నష్టం తానే కట్టాలి. కావలి కట్టుబాటు అది. ఇది ఎప్పుడూ సక్రమంగా సాగిందని చెప్పలేం. సుంకం వసూలు చేసినంత చురుగ్గా నష్టం కట్టిన పాళెగాళ్లు తక్కువ. పక్క పాళేనికి చెడ్డపేరు తేవడానికి వాళ్ల ఎల్లలో బండ్లు కొట్టించిన సందర్భాలు పాళెగాళ్ల తగాదాల్లో కొత్తేమీ కాదు. అయినా అడగడానికి ఒక మనిషి ఉన్నాడన్న ధీమా బాటసారికి ఉండేది.

రెండో జవాబుదారి చాలా చిన్నవాడు, తలారి. ఊరి కరణం, రెడ్డి, నీరుగంటి, వెట్టి వరసలో అతనూ ఒకడు. 1812లో ఇంగ్లండు పార్లమెంటు ముందుకు వెళ్లిన ఐదో నివేదిక మన ఊళ్లలోని ఉద్యోగుల జాబితా ఇస్తూ తలారి పని రెండు ముక్కల్లో చెప్పింది. నేరాల ఆరా తీయడం ఒకటి. దారినపోయేవాళ్లను ఈ ఊరి నుంచి ఆ ఊరికి క్షేమంగా దాటించడం ఇంకొకటి. లండన్‌లో కూర్చున్న పెద్దలకు అది ఒక వింత ఆచారంగా తోచి ఉంటుంది. మొగిలి దారిన పోయే కుటుంబానికి అదే ప్రాణాధారం. తలారి చేతికర్ర పట్టుకుని ముందు నడుస్తాడు, పొలిమేర రాయి దగ్గర పక్క ఊరి తలారికి అప్పజెప్పి వెనక్కి వస్తాడు. అందుకు అతనికి ముట్టేది కొద్దిపాటి మాన్యం, కళ్లంలో నాలుగు చేటల గింజలు. ఈ సీమలో అతిథి మర్యాద గురించి మాట్లాడేవాళ్లు సత్రం కట్టించిన దాతల పేర్లు చెబుతారు. అర్ధరాత్రి వానలో పరాయివాళ్ల పిల్లలను భుజాన ఎత్తుకుని వంక దాటించిన ఈ మనిషి పేరు ఏ రాతి మీదా లేదు.

మూడోది సత్రం. దక్షిణాదిన రాజులు, మంత్రులు, కోమట్లు పుణ్యానికి కట్టించి, ఖర్చులకు మాన్యాలు రాసిన కట్టడాలు ఇవి. కొన్ని నాలుగు రాతి స్తంభాల మీద కప్పు మాత్రమే. కొన్నిటికి లోపల ముంగిలి, బావి, వంటిల్లు ఉండేవి. 1800 ఏప్రిల్‌లో మద్రాసు నుంచి మైసూరు సీమ చూడటానికి బయల్దేరిన ఫ్రాన్సిస్ బుకానన్ కనుమల కింద కర్ణాటక దేశంలో ఈ సత్రాలను చూసి మెచ్చుకున్నాడు. బాటసారికి సత్రం ఏమేమి ఇవ్వాలో చదవాలంటే తంజావూరు రాజు రెండో శరభోజి 1801లో కంపెనీ రెసిడెంటుకు రాసిన ఉత్తరం చూడాలి. రాజ్యం కంపెనీ చేతికి పోయింది, సత్రాలను మాత్రం తనకు వదలమని ఆయన వేడుకున్నాడు. వచ్చినవాడికి అన్నం, వండింది తినని వాడికి దినుసులు, జబ్బుపడ్డవాడికి వైద్యుడు, పసిబిడ్డకు పాలు, నిండుచూలాలికి పురుడుపోసే ఏర్పాటు అంటూ ఆయన ఇచ్చిన వివరం ఈనాడు ఆసుపత్రులు నడిపేవాళ్లు కూడా ఒకసారి చదవదగింది.

అయితే సత్రం తలుపు అందరికీ ఒకే తీరున తెరుచుకునేది కాదు. ఈ మాట దాటేస్తే మనం చెప్పేది చరిత్ర కాదు. చాలా సత్రాల మాన్యాలు బ్రాహ్మణ భోజనం కోసమే రాసినవి. మిగతా కులాల వాళ్లకు పడుకునే చోటు, నీళ్లు, వంటకు పొయ్యిరాళ్లు దొరికేవి. మాల మాదిగలకు ఆ గడప కూడా దొరికేది కాదు. వాళ్లు చింతచెట్టు కిందో, ఊరి బయట తమవాళ్ల వాడలోనో తలదాచుకున్నారు. మొగిలి దారిన పల్లకీ మోసిన బోయీలు, దండు సామాను మోసిన కూలీలు, తోలు మూటలతో సంతకు పోయేవాళ్లు, వీళ్లే దారిలో ఎక్కువ. దాతల శాసనాల్లో వీళ్ల అన్నం ప్రస్తావన రాదు. వీళ్లకు అన్నం పెట్టింది వీళ్లలాంటి పేదల ఇళ్లే. పదిమంది సంగటిలో ఇంకో ఇద్దరి ముద్దలు తీసిపెట్టిన ఆ ఇళ్లను నేను ఏ సత్రానికీ తక్కువగా చూడలేను.

ఈ ఏర్పాటు ఎన్ని లోపాలున్నా నడుస్తుండగా 1801 వచ్చింది. ఆ ఏడు జూలై నెలాఖరున ఆర్కాటు నవాబు రాజ్యం మొత్తం కంపెనీ పరమైంది. జార్జ్ స్ట్రాటన్ మన సీమకు మొదటి కలెక్టరుగా వచ్చాడు. తిరుమల గుడి రాబడి లెక్కలు తీసి 1803లో నివేదిక పంపింది కూడా ఈయనే. కలెక్టరుకు పాళెగాళ్లు గిట్టలేదు. ఊరి రైతు దగ్గర కంపెనీ ఒకవైపు, పాళెగాడు ఇంకోవైపు వసూలు చేయడమేమిటి? వందలాది ఆయుధపాణులు కంపెనీ మాట కాకుండా ఇంకొకరి మాట వినడమేమిటి? పేష్కషు (కప్పం) పెంచమన్నారు, బంట్లను తగ్గించమన్నారు, కావలి వదలమన్నారు. పాళెగాళ్ల దృష్టిలో కావలి పోతే బతుకే పోయినట్టు. 1804లో చిత్తూరు పాళెగాళ్లు తిరగబడ్డారు. కంపెనీ సేనలు అడవులు నరుక్కుంటూ వచ్చి, మట్టికోటలు కూల్చి, మరుసటి ఏటికి అణిచేశాయి. ఆ పోరాటంలో ఎవరెవరు ఎటు నిలిచారన్నది వేరే భాగంలో వివరంగా చెప్పుకోవలసిన కథ.

మనకు ఇక్కడ కావలసింది దాని ఫలితం. పాళెగాడి కావలి రద్దయింది. దాని స్థానంలో జిల్లా మేజిస్ట్రేటు కిందకు దారోగాలు, బంట్రోతులు వచ్చారు. వాళ్లు పట్టణాల్లో ఉంటారు, కనుమలో ఉండరు. దొంగతనం జరిగితే ఫిర్యాదు రాసుకుంటారు, నష్టం కట్టరు. పనిలేక కడుపు మాడిన పాళెగాళ్ల బంట్లలో కొందరు ఇదివరకు కాపలా కాసిన దారుల్లోనే కాపు కాశారు. కనుమ కింద చీకటి పడటమంటే అంతకుముందు అలసట. ఇప్పుడది భయమైంది.

ఆ భయానికి ఒక పేరు కూడా వచ్చింది. 1807లో చిత్తూరుకూ ఆర్కాటుకూ మధ్య కొందరిని పట్టుకున్నారు. తిరువాన్కూరు దాకా పోయి దోపిడీ సొమ్ముతో తిరిగి వస్తున్న ముఠా అది. మెడకు గుడ్డ బిగించి చంపి, పాతిపెట్టి, ఏమీ ఎరగనట్టు ముందుకు సాగే ఈ హంతకులను కంపెనీ కాగితాల్లో ఫాన్సీగార్లు అన్నారు. తర్వాత ఉత్తరాదిన థగ్గులన్న పేరుతో ప్రపంచమంతా మారుమోగిన కథకు మొదటి పుటల్లో కొన్ని మన చిత్తూరులోనే రాశారు. చిత్తూరు మేజిస్ట్రేటు రైట్ వాళ్ల వాంగ్మూలాలు సేకరించాడు. మద్రాసు వైద్యుడు రిచర్డ్ షెర్వుడ్ 1816లో రాసిన వ్యాసానికి ఈ ప్రాంతపు సమాచారం చాలా వరకు ఆధారం. పాళెగాళ్లు వాటా తీసుకుని వీళ్లకు ఆశ్రయమిచ్చారని కూడా షెర్వుడ్ రాశాడు. ఓడిపోయినవాడి మీద గెలిచినవాడు వేసిన నిందను కొంచెం తగ్గించి చదవాలి. థగ్గుల కథను కంపెనీ తన అధికారం పెంచుకోవడానికి వాడుకుందని చరిత్రకారులు తర్వాత గట్టిగా వాదించారు. హత్యలు జరగలేదని మాత్రం ఎవరూ అనలేరు.

ఈ ముఠాల పద్ధతిలో మన కథకు తగిలే ముక్క ఒకటుంది. వాళ్లు పొదల్లో దాక్కుని దూకేవాళ్లు కాదు. బాటసారుల్లాగే వేషం వేసుకుని, సత్రంలో పక్కన పడుకుని, మంచీచెడూ మాట్లాడి, ‘దారి ఒక్కటే కదా, కలిసి పోదాం’ అని నమ్మించేవాళ్లు. నమ్మకమే ఆయుధం. సత్రం అరుగు మీద పక్కన కూర్చున్న మనిషిని అనుమానించక తప్పని రోజులు అవి. అటువంటి రోజుల్లో కూడా కనుమ కింద ఇళ్లవాళ్లు తలుపు మూసుకోకపోవడం నన్ను అబ్బురపరుస్తుంది. పూర్తిగా తెరిచారని కాదు. ఒక మర్యాద ఏర్పడింది. పరాయి మగవాళ్లకు వీధి తిన్నె, ఆడవాళ్లకూ పిల్లలకూ లోపలి వసారా. ముందు ‘ఎవురప్పా మీరు, యా ఊరు, యాడికి పోతా ఉండారు?’ అని ఆరా. ఆ తర్వాత చెంబుతో నీళ్లు. ఆ ప్రశ్నలు ఇప్పటికీ మా వైపు ఊళ్లలో కొత్త మనిషి దిగగానే వినిపిస్తాయి. పట్నం వాళ్లకు అది ఆరాటంగా తోస్తుంది. ఒకప్పుడు రాత్రికి ఎవరికి చోటిస్తున్నామో తేల్చుకునే పరీక్ష అదే.

ఇంట్లో ఏం పెట్టేవాళ్లు? బియ్యం పండగకు. రోజూ రాగి సంగటే. నీళ్లు మరిగాక నూకలు ఉడికించి, రాగిపిండి పోసి, కెలికి, వేడివేడిగా ముద్ద తిప్పితే పది నిమిషాల్లో ఇంకో నలుగురికి సరిపోతుంది. అనుకోకుండా వచ్చిన మనిషికి ఇంతకంటే అనువైన తిండి లేదు. పక్కన చింతపండు పచ్చిపులుసో, ఉలవల నీళ్లతో చారో, కాలంబట్టి అనపగింజల కూరో. మిగిలిన సంగటిలో నీళ్లు పోసి పెడితే తెల్లారి మజ్జిగ, ఉల్లిగడ్డతో అంబలి. బయల్దేరేవాడి కడుపు చల్లబరిచి కనుమ ఎక్కిస్తుంది. సెప్టెంబరు నడుమ మొదలయ్యే పెరటాసి నెలలో ఇంకో ఏర్పాటు నడిచేది. తిరుమల శనివారాలకు నామాలు పెట్టుకున్న పిల్లలు చెంబు పట్టుకుని ‘గోవిందా’ అంటూ ఇల్లిల్లూ తిరిగి తెచ్చిన బియ్యం వండి పదిమందికీ పెట్టడం చిత్తూరు సీమంతా ఉన్న ఆచారం. మైసూరు నుంచి బ్రహ్మోత్సవాలకు నడిచి పోయే భక్తులు సరిగ్గా ఆ రోజుల్లోనే ఈ కనుమ దిగేవాళ్లు. ఆ తర్వాతి నెల ఐప్పసిలో వానలు. మొక్కు తీర్చుకుని వెనక్కి వచ్చేటప్పటికి వంకలు పారుతుండేవి. కొండకు పోయి వచ్చినవాడికి అన్నం పెడితే తామూ కొండకు పోయినట్టే అనుకున్న జనం వీళ్లు. తరిగొండ నుంచి తిరుమలకు చేరి, నృసింహ జయంతికి వచ్చినవాళ్లకు అన్నమూ చలివేంద్రమూ ఏర్పాటు చేసిన వెంగమాంబ 1817 దాకా జీవించింది. ఆమెది ఈ సీమే, ఆమె నేర్చిన సంప్రదాయమూ ఇదే. ఇప్పుడు తిరుమలలో వేలమంది ఒకేసారి కూర్చుని తినే అన్నప్రసాద కేంద్రానికి ఆమె పేరు పెట్టడం ఎంతో సబబు.

1830లో దారులు ఎలా ఉండేవో చెప్పడానికి తెలుగువాడే ఒకడు దొరికాడు మనకు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఏనుగుల వీరాస్వామి మే 18న కాశీకి బయల్దేరాడు. ఆయన మన కనుమ ఎక్కలేదు, తిరుపతి మీదుగా కడప వైపు పోయాడు. కానీ ప్రతి మజిలీలోనూ ఆయన చూసినది ఒక్కటే. ముసాఫరులకు దిగే చోటుందా, అంగళ్లు ఉన్నాయా, నీళ్లెలా ఉన్నాయి, దారి మంచిదా. పల్లకీలు, పరివారం, డేరాలు ఉన్న పెద్దమనిషికే ప్రతి సాయంత్రం ఇదే దిగులు. నెత్తిమీద మూట తప్ప ఏమీ లేనివాడి దిగులు ఎంతటిదో ఊహించుకోవచ్చు.

కంపెనీ కూడా ఊరికే కూర్చోలేదు. 1817లో ఏడో రెగ్యులేషన్ తెచ్చింది. గుళ్లు, మసీదులు, సత్రాలు, వంతెనల కోసం రాసిన మాన్యాల రాబడి పక్కదారి పట్టకుండా రెవెన్యూ బోర్డు చూడాలన్నది దాని సారాంశం. ఉద్దేశం మంచిదే. దాతల వారసులు చాలామంది మాన్యాలు సొంతానికి తినేస్తున్న మాట నిజం. కానీ సత్రం లెక్క కచేరీకి చేరాక దాని తీరు మారింది. ఎంతమందికి, ఎంత బియ్యం, ఏ ఉత్తర్వు ప్రకారం అన్న ప్రశ్నలు వచ్చాయి. అనుకోకుండా వచ్చినవాడు ఏ లెక్కలోనూ ముందుగా ఉండడు. 1858లో వేసిన ఇనాం కమిషన్ మాన్యాల హక్కులను విచారించింది. రాతి మీద శాసనమో, రాగి రేకో ఉన్న పెద్ద సత్రాలు నిలిచాయి. చలిపందిరికి పెట్టిన అరెకరం, తలారి తిన్న కుంట మడి వంటివాటికి కాగితాలెక్కడివి? 1871లో స్థానిక నిధుల చట్టం వచ్చాక ప్రభుత్వం చేతిలోని సత్రాలు బోర్డుల కిందికి పోయాయి. రోడ్లు, ఆసుపత్రుల పక్కన అవీ ఒక పద్దు అయ్యాయి.

మధ్యలో కలరా వచ్చింది. 1817లో బెంగాల్లో మొదలై మరుసటి ఏటికి మద్రాసు రాజధానిని కమ్ముకుంది. ఆపై యాత్రల దారులే దాని దారులయ్యాయి. నిన్న అన్నం పెట్టిన చేతులే ఇవాళ పొలిమేరలో వేపమండలు కట్టాయి. గంగమ్మకు కుంభం పోసి, ఊళ్లోకి కొత్తవాళ్లను రానీయకుండా కాపలా కాసిన రోజులున్నాయి. అలా ఆపిన ఊళ్లను నేను తప్పుపట్టను. జబ్బు ఎలా సోకుతుందో లండన్ డాక్టర్లకే తెలియని కాలం. అయినా పొలిమేర బయట చెట్టు కింద పడిన రోగికి కుండతో గంజి పెట్టి దూరంగా నిలబడిన మనుషులు ఉన్నారు కాబట్టే ఆ దారిన వచ్చినవాళ్లలో కొందరైనా ఇల్లు చేరారు.

కోస్తా వాళ్లకు ఇదే కథ నీటి రూపంలో ఉంది. గోదావరి వరద వచ్చి రేవు ఆగిపోతే లంకల గన్నవరంలో చిక్కుకున్నవాళ్లకు వేళాపాళా చూడకుండా వండిపెట్టిన డొక్కా సీతమ్మ పేరు (1841–1909) తెలియని తెలుగువాళ్లు అరుదు. అక్కడ నది ఆపింది, ఇక్కడ కొండ ఆపింది. మన కనుమ కింద మాత్రం ఒక్క సీతమ్మ పేరు మిగల్లేదు. ఊరంతా తలా కాస్త చేసిన పనికి పేరెవరిదని పెడతారు?

1856 జూలై 1న మద్రాసు నుంచి వాలాజా రోడ్డు దాకా మొదటి రైలు నడిచింది. 1864కల్లా జోలార్‌పేట నుంచి బెంగళూరుకు పట్టాలు పడ్డాయి. మద్రాసు, బెంగళూరుల మధ్య వర్తకమంతా దక్షిణంగా ఆ దారి పట్టింది. మొగిలి కనుమలో ఉప్పు బండ్ల వరస పలచబడింది. రైలు రాని బంగారుపాళ్యంలో సంత సరుకు, బెల్లం దిమ్మలు, చుట్టుపక్కల పల్లెల రాకపోకలు మిగిలాయి. దూరదేశపు బాటసారి అరుదయ్యాడు. బండ్లమీద బతికిన వడ్రంగులు, కమ్మర్లు సేద్యపు పనిముట్లకు మళ్లారు. ఇక కనుమ కింద రాత్రులు నిమ్మళంగా గడుస్తాయనే ఎవరైనా అనుకుని ఉంటారు.

అలా జరగలేదు. 1876లో, ధాత నామ సంవత్సరాన, నైరుతి మోసం చేసింది, ఆపై ఈశాన్యమూ రాలేదు. మైసూరు పీఠభూమి మీద గడ్డిపరక లేకుండా పోయింది. కనుమ దారిలో మళ్లీ మనుషులు కనిపించారు. ఈసారి వాళ్లు మొక్కుబడి భక్తులూ కాదు, బండివాళ్లూ కాదు. ఇల్లూ ఊరూ వదిలి, ఎక్కడో గంజి పోస్తున్నారని విని పైనుంచి కిందికి దిగేవాళ్లు, కిందినుంచి పైకి ఎక్కేవాళ్లు, నడుమ ఎదురుపడి రెండువైపులా ఏమీ లేదని తెలుసుకున్నవాళ్లు. వాళ్లను ఆదుకోవలసిన ఊళ్ల గాదెల్లోనే గింజ లేదు. 1877 జనవరిలో ఢిల్లీలో వైస్రాయ్ లిట్టన్ దర్బారు ముగిశాక, రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాజధానికి వచ్చి కూలివాడి రోజు కూలిని పౌను గింజలకు కుదించిన కథ, అంతకు పదేళ్ల ముందు 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచిన కథ, ఆ రెంటి నడుమ మన కనుమ కింద ఊళ్లు ఏమయ్యాయన్న కథ వచ్చే భాగంలో.